పిల్లలు రోబోకి కోడ్ ఎక్కిస్తున్నారు, కానీ ఒక్క మార్పు చెయ్యమంటే రావట్లేదు: ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు జిల్లా పరిషత్ హైస్కూల్లో మ్యాథ్స్ చెప్తారు. స్కూలుకు రోబో కిట్లు వచ్చాయి. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు వీడియో చూసి వైర్లు కలిపి, అందులో ఇచ్చిన కోడ్ ఎక్కించేస్తున్నారు, బండి నల్ల గీత మీద చక్కగా నడుస్తోంది కూడా. కానీ "గీత చివర ఆగి వెనక్కి రావాలి" అంటే నలభై మందిలో ఒక్కరికీ చేతకాలేదు. మీకూ ప్రోగ్రామింగ్ పెద్దగా రాదు కాబట్టి ఎక్కడ మొదలుపెట్టాలో తోచట్లేదు.

సూటిగా చెప్తాను. కొన్నాళ్లు కిట్లు పెట్టెల్లోనే ఉంచి, నేల మీద సుద్దతో గీసే చిన్న పందెంతో మొదలుపెట్టండి. ఆ తర్వాత నిజం రోబో చేతికిచ్చినా ఒక్క నియమం మాత్రం వదలొద్దు: రోబోను వదిలే ముందు అది ఎక్కడికి వెళ్లి ఆగుతుందో పిల్లలు ముందే చెప్పాలి, అక్కడ సుద్దతో గుర్తు పెట్టాలి. గుర్తు పెట్టనిదే స్విచ్ వెయ్యనివ్వకండి.

ఎందుకంటే వీడియో కోడ్‌తో నడిచిన బండి వెనక ఉన్న ఆలోచన ఆ వీడియో చేసినాయనది. పిల్లలు చేసింది వైర్లు కలపడం మాత్రమే. అదే ఒక అమ్మాయి తను సుద్దతో గుర్తు పెట్టిన చోటికి కాకుండా బండి ఇంకెక్కడికో పోయిందనుకోండి, అప్పుడు ఆ అమ్మాయికి "నేను ఏమన్నాను, అది ఏం విన్నది" అని వెతుక్కోవాల్సిన అవసరం పుడుతుంది. ఆ వెతుకులాటలోనే ప్రోగ్రామింగ్ వస్తుంది. నేను ఫిజిక్స్ చెప్తాను, సాయంత్రాలు పిల్లలతో రోబోలు చేయించడం మొదలుపెట్టి పదకొండేళ్లయింది. మొదటి రెండేళ్లు నేనూ రెసిస్టర్ రంగులు, పార్టుల పేర్లు, రోబోను నడిపించే సర్క్యూట్ బోర్డు మీద పిన్నుల లెక్కతోనే మొదలుపెట్టాను. మూడో వారానికి సగం మంది రావడం మానేశారు. మానేసినవాళ్లలో తెలివైన పిల్లలు ఉన్నారు, ఆ సంగతి ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మొదటి పందెం: అష్టాచెమ్మా. ఇది మన పిల్లలకు ఇంట్లో తెలిసిన ఆట కాబట్టి నియమాలు చెప్పే పనిలేదు. వరండాలో ఐదు అడ్డం, ఐదు నిలువు గళ్లు గీయండి, ఒక్కో గడి ఒక పిల్ల నిలబడేంత. ఒకరు కాయ, అంటే వాళ్లే రోబో. ఇంట్లో నుంచి బయల్దేరి బయటి వరస మొత్తం చుట్టి, లోపలి వరసలోకి దిగి, నడిమి గడిలో పండాలి. రోబోకు తెలిసిన మాటలు మూడే: "ముందుకు ఇన్ని గళ్లు", "ఎడమకు తిరుగు", "కుడికి తిరుగు". ఒక గుంపు మొత్తం ప్రయాణం చీటీ మీద రాసి రెండో గుంపు పిల్లకు ఇవ్వాలి, ఇచ్చాక నోరు మెదపకూడదు. రోబో పిల్ల చీటీలో ఉన్నది ఉన్నట్టు చెయ్యాలి, సొంత తెలివి వాడకూడదు.

ఒకసారి ఎనిమిదో తరగతి అబ్బాయి చీటీలో "ఎడమకు వెళ్లు" అని రాశాడు. రోబోగా ఉన్న అమ్మాయి ముఖం తిప్పకుండా ఎడమ పక్కకు ఒక అడుగు జరిగింది. అతని ఉద్దేశం ఎడమకు తిరగమని. అక్కడి నుంచి చీటీలో మిగతావన్నీ సరిగ్గానే ఉన్నా ఆ అమ్మాయి గళ్లు దాటి, వరండా స్తంభం దాకా పోయి ఆగింది. అందరూ కేకలు. అతను చీటీ లాక్కుని చదివి, తల పట్టుకుని, "తిరుగు అనలేదు సార్, వెళ్లు అన్నాను" అన్నాడు. తిరగడం వేరు, కదలడం వేరు అని నేను బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా అతనికి అంత గట్టిగా పట్టేది కాదు.

మా వైపు బయటి వరస ఎడమ మలుపులతో, లోపలి వరస కుడి మలుపులతో తిరుగుతుంది. కాయ ఇంటి గడిలో, నడిమి గడి తన ఎడమ పక్కన ఉండేలా నిలబడిందనుకుంటే, చీటీ సరిగ్గా రాస్తే ఇలా వస్తుంది: ముందుకు 2, ఎడమ, ముందుకు 4, ఎడమ, ముందుకు 4, ఎడమ, ముందుకు 4, ఎడమ, ముందుకు 1, ఎడమ, ముందుకు 3, కుడి, ముందుకు 2, కుడి, ముందుకు 2, కుడి, ముందుకు 1, కుడి, ముందుకు 1. మొత్తం పందొమ్మిది ఆదేశాలు. ఇది కుదిరిన మర్నాడు "చీటీ పదిహేను లైన్లు దాటకూడదు" అనండి. కాసేపు గొణుక్కుంటారు, తర్వాత ఎవరో ఒకరు "నాలుగు గళ్లు, ఎడమ అనేది మూడుసార్లు వస్తోంది కదా, మూడుసార్లు చెయ్యి అని రాస్తే చాలదా" అంటారు. లోపలి వరసలో "రెండు గళ్లు, కుడి" కూడా రెండుసార్లు ఉందని ఇంకొకరు పట్టుకుంటారు, సరిగ్గా పదిహేనుకు వస్తుంది. ఇలా ఒకే పనిని ఇన్నిసార్లు చెయ్యి అనడమే లూప్. ఆ పేరు మీరు ఆ క్షణంలో చెప్పండి, ముందే చెప్పొద్దు. తమకు అవసరం పడ్డాక తెలిసిన పేరు పిల్లలు మర్చిపోరు.

మీరు మ్యాథ్స్ టీచర్ కావడం ఇక్కడ మీకు పెద్ద లాభం. 1967లో అమెరికాలో సీమోర్ పాపర్ట్, సింథియా సాలమన్, వాలీ ఫ్యూర్‌జైగ్ కలిసి పిల్లల కోసం లోగో అనే భాష చేశారు. తర్వాత దానికి నేల మీద పాకుతూ పెన్నుతో గీతలు గీసే తాబేలు రోబో జత చేశారు. పాపర్ట్ స్వయంగా గణితం మనిషి. పిల్లలకు తాబేలు ఎటు తిరగాలో తోచకపోతే, నువ్వే తాబేలువనుకుని లేచి నడిచి చూడమనేవాళ్లు. మనం వరండాలో చేసేదీ అదే.

మీ క్లాసులో ఒకసారి ఇది చేసి చూడండి: రోబో పిల్లతో సమబాహు త్రిభుజం నడిపించమనండి. దాదాపు అందరూ "ముందుకు, 60 డిగ్రీలు తిరుగు, మూడుసార్లు" అని రాస్తారు, త్రిభుజంలో కోణం 60 అని బట్టీ పట్టి ఉంటారు కాబట్టి. నడిస్తే త్రిభుజం మూసుకోదు, షడ్భుజిలో సగం వస్తుంది. ఎందుకని అడిగితే చెప్పరు, వాళ్లనే నడవనివ్వండి. చేతిలో కర్ర ముందుకు చాపి పట్టుకుని మూల దగ్గర తిరిగితే, తను తిరిగింది లోపలి కోణం కాదని, వెళ్తున్న దారి నుంచి ఎంత పక్కకు మళ్లాలో అంత అని తెలిసిపోతుంది: 120. చతురస్రానికి 90, పంచభుజికి 72, ఎన్ని భుజాలైనా చుట్టూ తిరిగొస్తే మొత్తం 360. బాహ్య కోణాల మొత్తం 360 అని మీరు పలక మీద నిరూపించేదాన్ని వాళ్లు కాళ్లతో నిరూపించుకుంటారు. కంప్యూటర్ ఉంటే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో టర్టిల్ (తాబేలు) అనే మాడ్యూల్ ఉచితంగా ఉంది, ఇదే పని తెర మీద చేయించొచ్చు. కిట్లు అందరికీ సరిపోని స్కూల్లో అది చాలా ఆదుకుంటుంది.

ఇక పెట్టెలు తెరిచాక. ఇప్పుడు అదే అష్టాచెమ్మా పలకను 20 సెంటీమీటర్ల గళ్లతో చిన్నగా గీయండి. కిట్లలో వచ్చే పసుపు మోటార్ల చక్రం మామూలుగా 65 మిల్లీమీటర్ల వ్యాసం ఉంటుంది, చుట్టుకొలత 20.4 సెంటీమీటర్లు, అంటే చక్రం ఒక్క చుట్టు తిరిగితే ఇంచుమించు ఒక గడి. పిల్లల చేత వ్యాసాన్ని పై (π)తో గుణించి ఈ లెక్క తేల్పించండి. చక్రానికి ఒక చోట తెల్ల టేపు ముక్క అంటిస్తే చుట్లు కంటితో లెక్కపెట్టుకోవచ్చు.

ఇక్కడ వాళ్లకు మొదటి దెబ్బ తగులుతుంది. మనిషి రోబోకు "ముందుకు 4" అంటే చాలు. ఈ మోటారుకు గళ్లు తెలియవు, "ఇన్ని సెకన్లు తిరుగు" అని మాత్రమే చెప్పగలం. ఒక సెకనుకు ఎంత దూరం పోతుందో టేపుతో కొలిచి పట్టిక వేస్తారు, ఉదయం 42 సెంటీమీటర్లు వస్తుంది, బ్యాటరీ కాస్త దిగాక అదే సెకనుకు 35 వస్తుంది. పైగా ఏ రెండు మోటార్లూ ఒక్క వేగంతో తిరగవు కాబట్టి బండి ఒక పక్కకు లాగుతుంది. "సార్, మా రోబో పాడైంది, వేరేది ఇవ్వండి" అని వస్తారు. మార్చి ఇవ్వకండి. ఎటు లాగుతోంది, మీటరుకు ఎంత లాగుతోంది అని కొలవమనండి, అప్పుడు జోరుగా తిరిగే మోటారు వేగం (కోడ్‌లో దాన్ని 0 నుంచి 255 దాకా అంకెతో చెప్తాం) కొంచెం కొంచెం తగ్గిస్తూ చూడమనండి. ఒక ఏడో తరగతి అమ్మాయి దీని మీద వరసగా మూడు సాయంత్రాలు కూర్చుని కుడి మోటారుకు 200, ఎడమకు 187 అని తేల్చింది. బండి తిన్నగా పోయింది. ఆ రెండు అంకెలు తన నోట్‌బుక్ అట్ట మీద రాసుకుంది.

గోడ దగ్గర ఆగే పందెం. రెండు మీటర్ల దూరం నుంచి బయల్దేరి, గోడను తాకకుండా, గోడకు ఎంత దగ్గరగా ఆగితే వాళ్లే గెలిచినట్టు. ముందు సెకన్ల లెక్కతో ఆడించండి. ఒకసారి గెలిచినవాళ్లు బ్యాటరీ దిగాక ఓడిపోతారు, విసుగొస్తుంది, అప్పుడు దూరం చూసే సెన్సర్ ఇవ్వండి. కిట్లలో రెండు గుండ్రటి కళ్లలా ఉండే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 ఉంటుంది. ఒక కన్ను మనకు వినపడని శబ్దం పంపుతుంది, రెండోది ప్రతిధ్వని వింటుంది. వెళ్లి రావడానికి పట్టిన సమయాన్ని ధ్వని వేగంతో గుణించి సగం చేస్తే దూరం. గబ్బిలం సంగతి సైన్స్‌లో చదువుకునే ఉంటారు. ఒక గుంపు రోబో గోడ దగ్గర బాగానే ఆగేది, స్కూలు బ్యాగు అడ్డం పెడితే మాత్రం గుద్దేసేది. మెత్తటి గుడ్డ శబ్దాన్ని పీల్చేసుకుంటుందని, ఏటవాలు అట్ట అయితే శబ్దం పక్కకు పోతుందని వాళ్లే రకరకాల వస్తువులు పెట్టి కనుక్కున్నారు.

వీడియోల కోడ్‌లో ఉండే అసలు చిక్కు కూడా ఈ పందెంలోనే బయటపడుతుంది. వాటిల్లో "ముందుకు నడు, రెండు సెకన్లు డిలే" అని ఉంటుంది, డిలే అంటే అంతసేపు కోడ్ తర్వాతి లైనుకు పోకుండా ఆగి ఉండటం, బండి మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఆ రెండు సెకన్లూ చాలా కోడ్‌లలో సెన్సర్‌ను ఎవరూ అడగరు. ఒక గుంపు రోబో గోడను గుద్దుతూనే ఉంటే సెన్సర్ చెడిపోయిందని మూడు మార్చారు. చివరికి వాళ్లలో ఒకమ్మాయి కోడ్ మీద వేలు పెట్టి ఒక్కో లైనూ పైకి చదువుతూ, డిలే దగ్గర ఆగి, "ఇక్కడ అది కళ్లు మూసుకుని నడుస్తోంది" అంది. రెండు సెకన్లను సెకనులో ఇరవయ్యో వంతు చేశారు, బండి గోడకు జానెడు దూరంలో ఆగింది. అందుకే కోడ్‌ను వేలు పెట్టి పైకి చదివించండి, పక్కవాళ్లు రోబోలా నటించాలి. మీకు కోడ్ రాకపోయినా ఇది చేయించగలరు. ఎక్కడ చదవడం తడబడిందో అక్కడే తప్పు ఉంటుంది, చాలాసార్లు.

గీత మీద నడిచే బండి మీ దగ్గర ఇప్పటికే ఉంది కాబట్టి దాన్ని విప్పి మళ్లీ మొదలుపెట్టండి. కోడ్ చెరిపేసి, "ఎడమ సెన్సర్‌కు నలుపు కనపడితే ఎటు తిరగాలి?" అని ఒక్క ప్రశ్న వెయ్యండి. సగం మంది కుడికి అంటారు, నలుపును తప్పించుకోవాలన్నట్టు. నేల మీద నల్ల టేపు వేసి, రెండు కాళ్ల మధ్య టేపు ఉండేలా నడిపించి, ఎడమ కాలు టేపును తొక్కిందంటే గీత ఎటు జరిగినట్టు అని అడగండి. గీత ఎడమకు పోయింది, మనమూ ఎడమకే తిరగాలి. ఒక హెచ్చరిక: ఈ సెన్సర్లు చూసేది పరారుణ కాంతిని, ఎండలో అది బోలెడు ఉంటుంది. ఉదయం నడిచిన బండి మధ్యాహ్నం కిటికీ ఎండ పడేసరికి గీత వదిలేస్తే కోడ్‌ను తిట్టుకోకండి, ముందు కిటికీ మూసి చూడండి. సెన్సర్ మీద చిన్న నీలం డబ్బాలో స్క్రూ ఉంటుంది, ఎంత నలుపును నలుపు అనాలో దానితో సర్దుకోవాలి. అది తిప్పడం ప్రతి పిల్లకూ రావాలి. మేం ఒక పోటీకి వెళ్తే ట్రాక్‌ను మెరిసే ఫ్లెక్సీ మీద అచ్చువేశారు, నల్ల సిరా కూడా తళతళలాడి తెల్లగా కనిపించింది సెన్సర్లకు. స్క్రూ సంగతి తెలిసిన మా పిల్లలు ఐదు నిమిషాల్లో సర్దుకున్నారు. కోచింగ్‌లో బండి తయారుగా చేయించుకుని తెచ్చుకున్న కొందరు పిల్లలు ఏం చెయ్యాలో తెలియక అక్కడే ఏడ్చారు. పిల్లల తప్పు ఏమీ లేదు అందులో, వాళ్ల చేతికి స్క్రూడ్రైవర్ ఎవరూ ఇవ్వలేదంతే.

మా పిల్లలకు అన్నిటికన్నా ఇష్టమైంది బండలాగుడు. సంక్రాంతికి ఎడ్లతో ఆడించేదే, ఇక్కడ ఎడ్ల బదులు రోబో, బండ బదులు అగ్గిపెట్టెల్లో ఇసుక. ఎవరి రోబో ఎక్కువ పెట్టెలు మీటరు దూరం లాగితే వాళ్లు గెలిచినట్టు. అందరూ ముందు వేగాన్ని 255కి, అంటే పూర్తిగా, పెట్టేస్తారు. చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి జారిపోతాయి, బండ కదలదు. రోబో మీద బరువు పెడితే పట్టు వస్తుందని ఒకరు, చక్రానికి రబ్బరు బ్యాండ్ చుట్టాలని ఒకరు. ఒక రైతు బిడ్డ మాత్రం, ఎడ్లను కూడా ఒక్కసారి అదిలించరు, ముందు తాడు బిగిసేదాకా మెల్లగా పోనిస్తారు అన్నాడు. సరే కోడ్‌లో అది ఎలా చెప్తావు అంటే, వేగం 90, తర్వాత 95, తర్వాత 100 అని ఒక్కో లైనూ రాయడం మొదలుపెట్టి పదో లైనుకు అలిసిపోయి, "దీనికి అష్టాచెమ్మాలో చేసినట్టు ఏమైనా ఉందా సార్" అని అడిగాడు. అంకె తనంతట తాను పెరిగే లూప్ ఆ రోజు నేర్పాను, ఆ ఒక్క అబ్బాయికే, వారం తిరిగేసరికి క్లాసంతా వాడుతున్నారు.

కొన్ని పని మాటలు. చాలా కిట్లతో 9 వోల్టుల చిన్న పెట్టె బ్యాటరీ ఇస్తారు, అది మోటార్లకు సరిపడా కరెంటు ఇవ్వలేదు. మోటారు కదలగానే బోర్డు ఆరిపోయి మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది, మీరేమో కోడ్ తప్పనుకుంటారు. నాకు ఒక సంవత్సరం దీనితోనే పోయింది. 18650 అనే లిథియం రీఛార్జి సెల్స్ రెండు వరసగా పెడితే 7.4 వోల్టులు వస్తాయి, మోటారు డ్రైవర్ (బోర్డు చెప్పినట్టు మోటార్లకు కరెంటు అందించే భాగం) ఎల్298ఎన్ అయితే అందులో సుమారు రెండు వోల్టులు తినేసినా బండి బాగానే నడుస్తుంది. కానీ ఈ సెల్స్ షార్ట్ అయితే మంటలు రావొచ్చు. ఛార్జింగ్ మీరే పెట్టండి, సరైన ఛార్జర్‌తో, మీ కళ్ల ముందే. పిల్లల చేతికి విడి సెల్ ఇవ్వొద్దు. విడిభాగాలు హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. కిట్ పేరుతో కాకుండా విడిగా కొంటే ఒక బండికి పదిహేను వందల నుంచి రెండు వేల లోపు అయింది నాకు.

నలభై మందికి నాలుగు కిట్లే ఉన్నా పర్లేదు. ఒక్కో బండికి ఐదుగురు చొప్పున ఇరవై మంది, మిగతా ఇరవై మంది వరండాలో మనిషి రోబోలు, మధ్యలో మార్పు. ఐదుగురిలో ఒకరు కంప్యూటర్, ఒకరు బండి పట్టుకునేది, ఒకరు టేపుతో కొలిచేది, ఒకరు ముందు చెప్పింది, తర్వాత జరిగింది రాసేది, ఒకరు కోడ్ చదివేది. పది నిమిషాలకోసారి పనులు మార్చండి, గడియారం చూసి మరీ మార్చండి. మార్చకపోతే కీబోర్డు ఒకే అబ్బాయి దగ్గర, నోట్‌బుక్ ఒకే అమ్మాయి దగ్గర సంవత్సరమంతా ఉండిపోతాయి. నా క్లాసులోనే అది జరిగింది, గమనించేసరికి ఏప్రిల్ వచ్చింది.

బ్లాకులా (తెర మీద ఆదేశాల ముక్కలను మౌస్‌తో జోడించడం), టైపు చేసే కోడా అంటే, ఏడో తరగతి దాకా బ్లాకులే చాలు, స్క్రాచ్ లాంటివి, మైక్రోబిట్ అనే చిన్న బోర్డు ఉంటే దాని బ్లాకుల ఎడిటర్ మేక్‌కోడ్. సెమీకోలన్ మర్చిపోయి అరగంట ఇంగ్లీషు ఎర్రర్ చూస్తూ కూర్చునే టెన్షన్ ఆ వయసుకు అక్కర్లేదు. ఎనిమిదిలో, బ్లాకుల్లో తను చేసిన పందేన్నే టైపు చేసి మళ్లీ చేయించండి, కొత్త పందెంతో కాదు. తెలిసిన ఆలోచనకు కొత్త రాత ఒక్కటే నేర్చుకుంటారు.

మీరు అడిగిన "గీత చివర ఆగి వెనక్కి రావడం" మాత్రం ఐదో ఆరో వారానికి పెట్టుకోండి. అప్పుడు కోడ్ ఇవ్వకుండా, గీత అయిపోయిందని రోబోకు ఎలా తెలుస్తుంది అని మాత్రం అడగండి. రెండు సెన్సర్లకూ తెలుపే కనపడితే గీత అయిపోయినట్టా, లేక గీత రెండు కళ్ల మధ్య ఉన్నట్టా? రెండు సెన్సర్లతో ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. చివర అడ్డంగా ఇంకో టేపు ముక్క వెయ్యాలని కొందరు, మధ్యలో మూడో సెన్సర్ కావాలని కొందరు అంటారు. రెండూ సరైనవే, రెండూ చేయించండి.

మీ కిట్‌లో ఉన్న బోర్డు మీద ఏం రాసి ఉందో, మోటార్లకు ఎన్ని వైర్లు వచ్చాయో చూసి చెప్పండి. రెండు వైర్లే అయితే నేను పైన చెప్పిన సెకన్ల లెక్కే. ఆరు ఉంటే చుట్లు లెక్కపెట్టే ఎన్‌కోడర్ ఉందన్నమాట, అప్పుడు అష్టాచెమ్మా పందెం ఇంకా బాగుంటుంది, దానికి తగ్గట్టు రాస్తాను.